మధ్యాహ్నం బండ్లన్నీ ఒక్కసారే డాక్ (సరుకు ఎక్కించే, దించే చోటు) మీద పడుతున్నాయి, టీమ్‌ని ఎలా నడపాలి?

ప్రశ్న (షిఫ్ట్ ఇన్‌ఛార్జ్, మేడ్చల్ వైపు గోడౌన్):

అందరికీ నమస్తే. మాది సబ్బులు, వంటనూనె, బిస్కెట్లు, టీ పొడి లాంటి సరుకు. ఇక్కణ్ణుంచి కామారెడ్డి, నిజామాబాద్, సిద్దిపేట, కరీంనగర్ డిస్ట్రిబ్యూటర్లకు వెళ్తుంది. మూడేళ్లు పికర్‌గా, అంటే ర్యాకుల్లోంచి ఆర్డర్ సరుకు ఏరి తెచ్చే పని, చేశాను, పోయిన నెల మధ్యాహ్నం షిఫ్ట్‌కి ఇన్‌ఛార్జ్‌ని చేశారు. రోజుకు 14 బండ్లు పంపాలి. రాత్రి ఎనిమిదిలోపు అన్నీ గేటు దాటాలి, పదకొండు అవుతోంది. పికర్లు స్లోగా ఉన్నారని మేనేజర్ గారు నలుగురిని అదనంగా ఇచ్చారు. వాళ్లు వచ్చాక ఇంకా గందరగోళం అయింది. నిన్నటిదాకా నాతో కలిసి టిఫిన్ చేసినవాళ్లకు ఇవాళ పని చెప్పాలంటే నోరు రావడం లేదు. చెబితే మొహం తిప్పుకుంటున్నారు. రాత్రి ఇంటికెళ్లినా ఇదే టెన్షన్. ఏం చేయాలి?

జవాబు 1 (గోడౌన్ పనిలో 16 ఏళ్లు, విజయవాడ ఆటోనగర్‌లో మొదలుపెట్టి ఇప్పుడు శంషాబాద్‌లో):

తమ్ముడూ, ముందు ఇక కొత్త మనుషులు వద్దను. ఎక్కడ ఆగుతోందో తెలియకుండా మనుషుల్ని పెంచితే ఆ ఆగేచోట గుంపు పెరుగుతుంది, అంతే.

టయోటాలో తాయిచీ ఓనో అనే పెద్దాయన ఇంజినీర్లను ఫ్యాక్టరీ నేల మీద సుద్దముక్కతో గీసిన గిరిలో నిలబెట్టి, గంటల తరబడి పని జరిగే తీరు చూడమనేవారట. నువ్వు అంతసేపు నిలబడక్కర్లేదు. రేపు ఒక్క ఆర్డర్‌ని పట్టుకో. ఆరు టైములు రాయి: పిక్ లిస్ట్ (ఏ సరుకు ఎంత తేవాలో రాసిన కాగితం) ఎప్పుడొచ్చింది, చివరి పెట్టె ఎప్పుడు తెచ్చారు, చెకింగ్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయిపోయింది, లోడింగ్ ఎప్పుడు మొదలైంది, బండి గేటు ఎప్పుడు దాటింది. ఎవరినీ ఏమీ అనకు, తొందరపెట్టకు. రాసి ఇక్కడ పెట్టు.

అడిగినవారు:

అన్నా, సిద్దిపేట ఆర్డర్ రాశాను. లిస్ట్ 2:10కి వచ్చింది. పికింగ్ 3:05కి అయిపోయింది. చెకింగ్ మొదలైంది 4:20, అయిపోయింది 4:45. లోడింగ్ మొదలైంది 6:05. బండి కదిలింది 6:50.

జవాబు 1 రాసినవారు:

ఇప్పుడు నువ్వే లెక్క కట్టు. పికింగ్ 55 నిమిషాలు, చెకింగ్ 25, లోడింగ్ 45. చేతులు ఆడింది మొత్తం 2 గంటల 5 నిమిషాలు. సరుకు ఊరికే కూర్చున్నది 2 గంటల 35 నిమిషాలు. మీ పికర్లు స్లో కాదు. ఈ కాగితం మేనేజర్ గారికి చూపించు, మాటలకంటే బాగా పనిచేస్తుంది.

ఇందులో రెండు ఆగుళ్లు ఉన్నాయి. మొదటిది చెకింగ్ టేబుల్ ముందు 75 నిమిషాలు. మీకు రెండు టేబుళ్లు ఉన్నాయనుకుంటున్నా. ముందు ఆరు ఆర్డర్లు ఉంటే టేబుల్‌కి మూడు, ఒక్కోదానికి 25 నిమిషాలు, అంటే సరిగ్గా 75. కొత్త నలుగురు పికర్లు రాకముందు అవి నాలుగే ఉండి ఉంటాయి. ఇప్పుడు నేల మీద అడుగు పెట్టే చోటు లేక కరీంనగర్ పెట్టె నిజామాబాద్ ప్యాలెట్‌లో (పెట్టెలు పేర్చే పలక) కలిసి ఉంటుంది. మీ గందరగోళం అదే.

రెండు గంటలకు బిల్లింగ్ వాళ్లు లిస్టులన్నీ ఒక్క దెబ్బకు వదులుతున్నారు కదా? అది ఆపించు. ఏ బండి ముందు వెళ్లాలో ఆ లిస్ట్ ముందు రావాలి. దూరం పోయే నిజామాబాద్, కరీంనగర్ ముందు, సిద్దిపేట తర్వాత. టేబుల్ ముందు నేల మీద పసుపు టేపుతో రెండే రెండు గళ్లు గీయి. రెండూ నిండితే కొత్త లిస్ట్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. అప్పుడు ఖాళీగా ఉన్న పికర్లిద్దర్ని చెకింగ్ దగ్గరకు పంపు: ఒకరు పెట్టెలు తిప్పి లేబుల్ చూపిస్తే ఇంకొకరు స్కాన్ చేయాలి. తాను పికింగ్ చేసిన ఆర్డర్‌ని మాత్రం తానే చెక్ చేయకూడదు. తన తప్పు తన కంటికి కనబడదు.

రెండో ఆగుడు లోడింగ్ ముందు 80 నిమిషాలు. ఆ టైములో హమాలీలు ఎక్కడున్నారో చూశావా?

అడిగినవారు:

నాలుగున్నరకు ఫ్యాక్టరీ నుంచి ఇన్‌వార్డ్ లారీ వచ్చింది అన్నా. హమాలీల ముఠా మొత్తం దాని దగ్గరకే పోయింది. పిలిచినా రాలేదు. అడిగితే మేస్త్రి కోపం చేశాడు.

జవాబు 1 రాసినవారు:

కోపం చేయడా మరి? వాళ్లకు కూలి పెట్టె లెక్కన. ఫుల్ లోడ్ లారీ అంటే ఒకే సైజు పెట్టెలు, చకచకా దిగుతాయి, గంటకు వచ్చే డబ్బు ఎక్కువ. మీ అవుట్‌వార్డ్‌లో (బయటికి పోయే సరుకు) సబ్బు పెట్టె ఒకటి, నూనె డబ్బా ఒకటి, బిస్కెట్ అట్టపెట్టె ఒకటి, జాగ్రత్తగా పేర్చాలి. ఎక్కువ టైము, తక్కువ కూలి. నీకూ నాకూ అయినా ముందు ఏది కనబడుతుంది? ఇది బద్ధకం కాదు, రేటు. రేటు నీ చేతిలో లేదు కాబట్టి మేస్త్రిని కేకలేసి లాభం లేదు. మేనేజర్ గారి దగ్గర రెండు అడుగు: ఇన్‌వార్డ్ లారీలను వీలైనంత వరకు ఉదయం షిఫ్ట్‌కి రప్పించడం, కలగలుపు లోడ్‌కి వేరే రేటు మాట్లాడటం. ఆ తర్వాత మేస్త్రితో కూర్చుని టీ తాగుతూ మాట్లాడు, నాలుగు నుంచి ఏడు దాకా నలుగురు అవుట్‌వార్డ్‌కే ఉండాలని. నలుగురిలో పరువు తీసి అడిగితే ఏ మేస్త్రీ ఒప్పుకోడు.

జవాబు 2 (ప్యాకింగ్ టీమ్ లీడ్, గన్నవరం వైపు):

పైన అన్న చెప్పినది పని గురించి. నేను మనుషుల గురించి చెప్తాను, ఎందుకంటే తమ్ముడు అడిగిన రెండో ప్రశ్న అదే.

నన్ను లీడ్ చేసినప్పుడు నేనూ మొదటి వారం గొంతు పెంచాను. పని కాలేదు. మా దగ్గర ఒడిశా నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు రోజూ అందరికంటే చివర వచ్చేవాడు. ఫోన్ చూస్తున్నాడేమో అనుకున్నాను. ఒకరోజు వాడి వెనకాలే ర్యాకుల్లోకి నడిచాను. ట్రాలీ ఎడమవైపు లాగుతోంది. ప్రతి మలుపులో ఆగి, కాలితో వెనక చక్రాన్ని తన్ని తిప్పుకుంటున్నాడు. వంగి చూస్తే చక్రం ఇరుసుకు ప్లాస్టిక్ ప్యాకింగ్ పట్టీ వేలెడు మందాన చుట్టుకుపోయి ఉంది. మూడు వారాల నుంచి అలాగే లాగుతున్నాడట. ఎందుకు చెప్పలేదురా అంటే, "చెబితే నేనే పాడుచేశాననుకుంటారు మేడం" అన్నాడు. బ్లేడుతో కోసి తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అప్పటినుంచి షిఫ్ట్ మొదట్లో అయిదు నిమిషాలు అందరం టేబుల్ దగ్గర నిలబడతాం. ఇవాళ ఎన్ని బండ్లు, ఏది ముందు, నిన్న ఏది ఇబ్బంది పెట్టింది, ఇంతే. హిందీలో, తెలుగులో రెండుసార్లు చెప్తాను. ఎవరైనా స్కానర్ బ్యాటరీ నిలవట్లేదనో, ట్రాలీ లాగుతోందనో చెబితే వాళ్ల ముందే రాసుకుంటాను. సాయంత్రంలోపు దాని సంగతి తేల్చి వాళ్లకు చెప్తాను, కాకపోతే కాలేదని చెప్తాను. రెండు వారాలకు వాళ్లంతట వాళ్లే చెప్పడం మొదలుపెట్టారు.

పాత స్నేహితుల విషయం: వాళ్లతో టిఫిన్ మానకండి. కానీ కష్టమైన పని, అంటే నూనె డబ్బాల వరుస, రోజూ ఒకరి మీదే పడకుండా వంతు పెట్టి గోడకు అంటించండి. మీ స్నేహితుడి పేరు కూడా అందులో ఉండాలి. మిగతావాళ్లు మొహం తిప్పుకునేది ఎక్కువగా ఈ ఒక్కదాని వల్లే.

జవాబు 3 (ట్రాన్స్‌పోర్ట్ పని):

ఒక చిన్న సంగతి. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఉండాల్సిన జీఎస్టీ పత్రం) లో పార్ట్ బి, అంటే బండి నంబర్, నమోదు చేసిన దగ్గర్నుంచి గడువు మొదలవుతుంది. 200 కిలోమీటర్లకు ఒక రోజు. ఆ మొదటి రోజు మర్నాటి అర్ధరాత్రితో ముగుస్తుంది. నిజామాబాద్ 200 లోపే. బండి గేటు దగ్గరకు రాగానే పార్ట్ బి కొట్టేసి, అర్ధరాత్రి దాటేదాకా డాక్ దగ్గర ఆపితే, మర్నాడు డిస్ట్రిబ్యూటర్ షాపు మూసి ఉంటే మీ పని అయిపోయినట్టే. లోడింగ్ అయ్యాక, సీల్ వేసేముందు కొట్టండి. గడువు దాటేలా ఉంటే, ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల వరకు పొడిగించుకోవచ్చు, కారణం రాయాలి.

జవాబు 4:

ఒక్కో పికర్ గంటకు ఎన్ని లైన్లు (లిస్టులో ఒక్కో ఐటమ్ ఒక లైను) చేశాడో బోర్డు మీద రాసి పెట్టండి బ్రదర్. పోటీ వస్తుంది, స్పీడ్ దానంతటదే పెరుగుతుంది.

జవాబు 1 రాసినవారు:

నేను పెట్టి చూశాను, నెల తిరక్కుండానే తీసేశాను. లైన్లు లెక్కపెడితే అందరూ తేలిక లిస్టుల కోసం ఎగబడతారు, 15 కిలోల నూనె డబ్బాలున్న లిస్ట్ కౌంటర్ మీదే పడి ఉంటుంది. పైగా తొందరలో 100 గ్రాముల సబ్బుకు బదులు 125 గ్రాములది వేస్తారు. అది డిస్ట్రిబ్యూటర్ దగ్గర బయటపడి వెనక్కొచ్చేసరికి రెట్టింపు పని. బోర్డు పెట్టాలంటే మనుషుల పేర్లు వద్దు, బండ్ల పేర్లు పెట్టండి: ఏ బండి ఎన్నింటికి వెళ్లాలి, ఎన్నింటికి వెళ్లింది.

అడిగినవారు (పది రోజుల తర్వాత):

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న చివరి బండి 8:20కి గేటు దాటింది. టేపు గళ్లు గీసిన మొదటి రోజు పికర్లు ఖాళీగా నిలబడ్డారని మేనేజర్ గారు కేకలేశారు, సాయంత్రం బండ్ల టైములు చూసి ఊరుకున్నారు. రేటు ఇంకా తేలలేదు కానీ మేస్త్రి ముగ్గురిని ఇస్తున్నాడు. అక్కా, మా ట్రాలీలు చూశాను, పదకొండింట్లో నాలుగింటి చక్రాలకు పట్టీలే.

ఇంకో డౌట్. ఎక్కువ పోయే టీ పొడి, రెండు రకాల సబ్బులు చివరి వరుసలో ఉన్నాయి. పికర్లకు నడకే సగం పని అవుతోంది. ముందుకు తేవచ్చా?

జవాబు 1 రాసినవారు:

తేవాలి. నెల రోజుల పిక్ లిస్టులు తీసి, ఎక్కువసార్లు వచ్చిన ఇరవై ఐటమ్స్ రాసుకో. పెట్టెల సంఖ్య కాదు, ఎన్ని లిస్టుల్లో వచ్చిందన్నది చూడు. వాటిని డాక్‌కి దగ్గర వరుసలో, నడుము ఎత్తున పెట్టు. నూనె డబ్బాలు కింద ర్యాక్‌లోనే, కానీ నడక మొదట్లో తగిలేలా ఉండాలి. బరువు ముందు ట్రాలీలో పడితే బిస్కెట్లు పైన కూర్చుంటాయి, నలగవు. పాత బ్యాచ్ ముందుకు, కొత్తది వెనక్కి, ఎక్స్‌పైరీ తేదీ చూసి పేర్చండి. బండ్లు లేని ఆదివారం పెట్టుకో. కానీ సిస్టమ్‌లో బిన్ నంబర్ (ర్యాక్‌లో ఆ సరుకు చోటు నంబర్) మార్చకుండా ఒక్క పెట్టె కూడా కదపొద్దు. సోమవారం స్కానర్ పాత చోటుకే పంపుతుంది, అక్కడ ఖాళీ ర్యాక్ చూసి సరుకు లేదని షార్టేజీ కొట్టేస్తారు.