ఫిలిం స్కానర్ కొనాలా, డిజిటల్‌కి మారిపోవాలా?

చైత్ర: నా 35 ఎంఎం కెమెరా, లెన్సులు బాగానే పనిచేస్తున్నాయి. డిజిటల్ కెమెరా బదులు స్కానర్ కొంటే సరిపోతుందా?

రీలు: స్కానరే కొనండి. 4000 డీపీఐలో, అంటే అంగుళానికి 4000 చుక్కల చొప్పున, ఒక్కో ఫ్రేము దాదాపు 21 మెగాపిక్సెళ్లు వస్తుంది. ఇంకేం కావాలి?

వెలుగు: ఆ 21లో బొమ్మ ఎంత, గ్రెయిన్ (ఫిలిం మీద కనిపించే గరుకు చుక్కలు) ఎంత? తక్కువ వెలుతురులో వాడే ఐఎస్ఓ 800 ఫిలిం స్కాన్ చేసి, అదే ఐఎస్ఓలో తీసిన డిజిటల్ ఫొటో పక్కన పెట్టి చూడండి.

రీలు: గ్రెయిన్ తక్కువుండే ఐఎస్ఓ 100 స్లైడు ఫిలిం పెట్టి చూడండి మీరు.

మాక్రో: ఏదైనా సరే, ఫ్లాట్‌బెడ్ (కాగితాలు అద్దం మీద పరిచి స్కాన్ చేసే రకం) మాత్రం వద్దు. డబ్బా మీద 6400 డీపీఐ అని రాసినా, నిజంగా దక్కే వివరం అందులో సగం కూడా ఉండదు.

వెలుగు: దుమ్ము మాటేమిటి రీలు గారూ? ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము తీసే సదుపాయం మామూలు నలుపు-తెలుపు ఫిలింకి పనికిరాదు. అందులోని వెండి ఆ కిరణాలను అడ్డుకుంటుంది. మచ్చలన్నీ ఒక్కొక్కటిగా మనమే చెరుపుకోవాలి. ఒక్క రోలుకే సాయంత్రమంతా పోతుంది.

రీలు: 21 అన్న లెక్క తప్పా? ముందు అది చెప్పండి.

వెలుగు: లెక్క తప్పని ఎవరన్నారు! అడిగినదానికి జవాబు చెప్పకుండా అదే పట్టుకు వేలాడతారేం?

రీలు: మీకు ఓపిక లేకపోతే ఇంకెవరికీ లేదనుకోకండి. మా పాప మొదటి ఏడాది ఫొటోలన్నీ హార్డ్ డిస్కుతో పాటే పోయాయి. రిపేరు చేసేవాళ్లు చేతులెత్తేశారు. మా నాన్న తీసిన నెగటివ్‌లు మాత్రం ఈరోజుకీ లైటుకు పెట్టి చూసుకోవచ్చు. డిజిటల్‌కి మారమని నాకు చెప్పకండి.

వెలుగు: ఇదా సంగతి! మొదటే చెప్పాల్సింది. పాప ఫొటోల విషయం వింటే నాకూ బాధగానే ఉంది. కానీ మా చెల్లెలి పెళ్లి రోలు ల్యాబు వాళ్లు నిలువునా గీతలు పెట్టి ఇచ్చారు. దానికి ఇంకో కాపీ లేదు. మీకు చేతిలో వస్తువు లేకపోతే భయం, నాకు ఒక్కటే ఉందంటే టెన్షన్. ఫైలైతే నాలుగు చోట్ల దాచుకోవచ్చు.

రీలు: నాలుగు చోట్ల దాచి, ఏళ్ల తరబడి వాటిని కనిపెట్టుకుని ఉండేదెవరు? నేను పోయాక?

చైత్ర: ఇంట్లో పాత నెగటివ్‌లు పెట్టెడు ఉన్నాయి. వాటి కోసమైనా స్కానర్ కావాలి కదా?

మాక్రో: కావాలి. పాత మోడల్ అయితే ముందు కేబుల్ చూసుకోండి. స్కజీ, ఫైర్‌వైర్ అనే పాతకాలపు కేబుళ్లతో వచ్చినవాటిని ఇప్పటి కంప్యూటర్లకు కలపడం పెద్ద తలనొప్పి.

రీలు: నికాన్ వాళ్ల ఫిలిం స్కానర్ కూల్‌స్కాన్ దొరికితే వదలకండి.

వెలుగు: దాని తయారీ ఎప్పుడో ఆపేశారు. చెడిపోతే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి మరి.