పైలట్ రాజీనామాకు ఏడాది నోటీసు: ఉండాలా, తీసేయాలా?

కాళహస్తి కెప్టెన్:
రేణిగుంట (తిరుపతి ఎయిర్‌పోర్టు)కు ఇంకో సర్వీసు ఎప్పుడొస్తుంది, పెద్ద విమానం ఎప్పుడు దిగుతుంది అని మనవాళ్ళు తరచూ అడుగుతుంటారు. ఆ సర్వీసు నడిపేవాళ్ళ సంగతి ఒకటి చర్చకు పెడుతున్నా.

2017లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక నిబంధన తెచ్చింది. కెప్టెన్ ఉద్యోగం మానాలంటే ఏడాది ముందు చెప్పాలి, ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) అయితే ఆర్నెల్లు. కంపెనీ దయతలచి అభ్యంతరం లేదని కాగితం (ఎన్ఓసీ) ఇస్తేనే అంతకు ముందు వదుల్తారు. మామూలు రోజుల్లో ఈ నిబంధన ఉండొద్దని నేననను. కానీ కంపెనీ మధ్యలో నా జీతం, షరతులు మార్చేస్తే, లేదా ఇంకో కంపెనీలో కలిసిపోతే, ఆ రోజు నుంచి నాకు మూడు నెలల నోటీసు చాలాలి.

విస్తారా విమాన కంపెనీ సంగతి తీసుకోండి. నేను అందులో పనిచేయలేదు, చేసినవాళ్ళు తెలుసు. ఎయిరిండియాలో కలవబోయే ముందు, 2024 మొదట్లో, కొత్త కాంట్రాక్టు చేతికిచ్చారు. అప్పటిదాకా నెలకు 70 గంటలకు ఖాయంగా వచ్చే జీతం 40 గంటలకు దిగింది. ఎగిరినా ఎగరకపోయినా వచ్చే డబ్బు అది. ట్రైనింగ్ లోను వాయిదా, ఇంటి అద్దె దాని మీదే నడుస్తాయి. ఫస్ట్ ఆఫీసర్లకు గట్టి దెబ్బ తగిలింది. చాలామంది సిక్ లీవులో వెళ్ళారు, ఏప్రిల్‌లో సర్వీసులు కుప్పలుగా ఆగాయి, చివరికి కంపెనీయే రోజుకు 25-30 విమానాలు తగ్గించుకుంది. ఒంట్లో బాగుండి సిక్ చెప్పడం తప్పే. అయితే వాళ్ళకు న్యాయంగా ఉన్న దారి ఏది? రాజీనామా ఇచ్చి, తగ్గించిన జీతానికే ఆర్నెల్లో ఏడాదో అదే కంపెనీలో నడపడం. ఒప్పందం ఒక పక్కవాళ్ళు మార్చొచ్చు, రెండో పక్కవాళ్ళు కదలకూడదు అంటే అది ఒప్పందమా?

క్రూ డెస్క్:
కెప్టెన్ గారూ, నేను రోస్టర్లు (ఏ సర్వీసుకు ఎవరు వెళ్ళాలన్న పట్టికలు) వేసే పక్క మనిషిని. మాది పుత్తూరు. మీ బాధ అర్థమైంది, మూడు నెలలకు మాత్రం ఒప్పుకోను.

తెల్లారుజామున మూడింటికి ఫోన్ వస్తుంది, ఐదింటి సర్వీసు కెప్టెన్‌కు జ్వరం. స్టాండ్‌బైలో ఎవరున్నారో చూస్తా. ఒకాయన నిన్న రాత్రి ఆలస్యంగా దిగాడు, రెస్ట్ గంటలు పూర్తికాలేదు. ఇంకొకాయనకు సిమ్యులేటర్ చెక్ గడువు దాటింది. మూడో ఆయన చిన్న ఏటీఆర్ విమానానికి కెప్టెన్, పెద్ద ఎయిర్‌బస్ ముట్టుకోకూడదు. నలుగురున్నట్టు కనిపిస్తారు, నడపగలిగేది ఒక్కరు.

ఒక కెప్టెన్ పోతే ఇంకొకరిని తయారుచేయడానికి టైప్ రేటింగు (ఆ రకం విమానం నడిపే అర్హత), సిమ్యులేటరు, తర్వాత ఇన్‌స్ట్రక్టర్ పక్కన లైన్ ట్రైనింగ్, రిలీజ్ చెక్. ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుందనే లెక్కతోనే ఏడాది పెట్టారు. సమ్మర్ షెడ్యూల్ మార్చి ఆఖర్లో మొదలై అక్టోబరు ఆఖరుదాకా నడుస్తుంది. టికెట్లు ముందే అమ్ముడుపోతాయి. జూన్‌లో వంద మంది కెప్టెన్లు మూడు నెలల నోటీసిస్తే దసరాకు ఎవరు నడపాలి? 2023లో ఆకాశ ఎయిర్ తమ పైలట్లు 43 మంది నోటీసు పూర్తిచేయకుండా వెళ్ళారని కోర్టుకెక్కింది. ఆ ఆగస్టులో ఆ చిన్న కంపెనీ వందల సర్వీసులు రద్దు చేసుకోవాల్సి వచ్చింది.

మనూరికి సంబంధించిన మాట ఒకటి. పైలట్లు చాలనప్పుడు ముందు కోసేది ఢిల్లీ-ముంబై కాదు. అక్కడ స్లాటు (విమానం దిగి ఎగరడానికి ఇచ్చే సమయం) పోతే మళ్ళీ దొరకదు. రోజుకు రెండు మూడు సర్వీసులున్న ఊళ్ళ నుంచి ఒకటి తీసేస్తారు. తిరుపతి ఆ వరుసలోనే ఉంది.

గోవిందా ట్రావెల్స్:
అలిపిరి రోడ్డులో ట్రావెల్స్ నడుపుతా ఉండా. మీరిద్దరూ లోపలోళ్ళు, నాకొకటి చెప్పండి. ఏడాది నోటీసు రూలు ఉండంగానే కదా 2025 డిసెంబర్లో దేశమంతా వేల ఇండిగో సర్వీసులు రద్దయింది?

ఆ వారం ముంబై నుంచి నాకొక పార్టీ రావాల. పెద్దాయన, ఆయన భార్య, కూతురు, మనవడు. మూడొందల రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే తీసిపెట్టుకోనుండారు. ఎయిర్‌పోర్టులో రాత్రి దాకా కూర్చోబెట్టి సర్వీసు లేదన్నారంట. విమానం డబ్బు వాపసొచ్చె. దర్శనం స్లాటు వాపసొస్తుందా? తేదీ దాటితే అంతే. రైల్లో రమ్మంటే టయానికి అందదు. పెద్దాయన నన్నొక్క మాట అనలా, ఫోన్లోనే ఏడ్చినాడు. కొండ మీద ఒక్క పూట కోసం మనిషి ఎంత దూరం నుంచి లెక్కేసుకోని వస్తాడో మీ రోస్టర్లు వేసేటోళ్ళకి తెలియాల.

కాళహస్తి కెప్టెన్:
అన్నా, నువ్వడిగిందే అసలు ప్రశ్న. ఆ రద్దులకు కారణం రాజీనామాలు కాదు. అలసట తగ్గించడానికి డీజీసీఏ డ్యూటీ గంటల నిబంధనలు మార్చింది: వారానికి ఒకేసారి 36 గంటలున్న విశ్రాంతి 48 అయింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు దిగాయి. దాంతో అవే సర్వీసులకు ఎక్కువమంది పైలట్లు కావాలి. ఈ నిబంధనలు 2024 జనవరిలోనే ప్రకటించారు. సగం 2025 జూలైలో, మిగతా సగం నవంబరు 1న అమలయ్యాయి. అంటే మనుషుల్ని తీసుకుని తయారుచేసుకోవడానికి దాదాపు రెండేళ్ళ గడువు దొరికింది. పైలట్‌కు ఏడాది ముందుచూపు ఉండాలని శాసించేవాళ్ళు తాము రెండేళ్ళ ముందు చూడలేదు. ఆఖరికి 2026 ఫిబ్రవరి దాకా రాత్రి డ్యూటీ నిబంధనల్లో సడలింపు దొరికింది ఇండిగోకే.

మామిడితోట నాన్న:
మాది బంగారుపాళెం. మావాడు సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) పూర్తి చేసి ఇంట్లో ఉన్నాడు. 200 గంటలు ఎగిరాడు, పరీక్షలన్నీ ఒక్కోసారికే పాసయ్యాడు. రెండెకరాల తోటాపురి తోట అమ్మి చదివించాం. ఇప్పుడు టైప్ రేటింగుకు మళ్ళీ లక్షలు కావాలంటున్నారు, ఆ తర్వాత కూడా ఉద్యోగం ఖాయం కాదు.

పైలట్ల కొరత అని పేపర్లో చదివే మేం దిగాం. 2023లో ఒక్క ఏడాదిలోనే 1,622 సీపీఎల్‌లు ఇచ్చారు. కొరత కెప్టెన్లకే, మావాడిలాంటి వాళ్ళకు కాదు అని చేరాక తెలిసింది. అందుకే అడుగుతున్నా కెప్టెన్ గారూ, మీ నోటీసు మూడు నెలలకు తగ్గితే కంపెనీలు ఏం చేస్తాయి? ఒకరి దగ్గర తయారైన కెప్టెన్‌ను ఇంకొకరు ఎక్కువ జీతమిచ్చి లాక్కుంటారు. కొత్తవాడికి నేర్పే ఖర్చు ఎవరు పెడతారు? మీ స్వేచ్ఛ మా పిల్లల దారికి అడ్డం పడుతుందేమోనని నా భయం.

పాత హ్యాంగర్:
తిరుపతిలో స్థిరపడిన రిటైర్డ్ ఇంజనీర్ని. అందరూ నోటీసు దగ్గరే ఆగారు. విలీనంలో పైలట్‌ను నిజంగా కుదిపేది సీనియారిటీ. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి. ఐదేళ్ళయినా ఎవరు ఎవరికి సీనియరో తేలలేదు. కొత్త పెద్ద విమానం డ్రీమ్‌లైనర్ ట్రైనింగ్ ఇండియన్ ఎయిర్‌లైన్స్ నుంచి వచ్చినవాళ్ళకు కూడా ఇస్తారనేసరికి 2012లో ఎయిరిండియా పైలట్లు సమ్మెకు దిగారు. రెండు నెలల దాకా సాగింది. ఒకే యూనిఫాం వేసుకున్నవాళ్ళు క్యాంటీన్లో వేరువేరు బల్లల దగ్గర కూర్చోవడం నేను చూశాను.

అమెరికాలో ఏం మెరుగని అడగొచ్చు. 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాక ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) ఇచ్చిన సీనియారిటీ జాబితాను ఒక వర్గం ఒప్పుకోక ఏళ్ళ తరబడి రెండు వర్గాలూ విడివిడిగానే నడిపాయి. అయితే 2007లో అక్కడ ఒక చట్టం వచ్చింది: విలీనమైతే సీనియారిటీని న్యాయంగా కలపాలి, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కు వెళ్ళాలి. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఇంకోటి, అక్కడ కంపెనీ మారితే జాబితాలో అట్టడుగు నుంచి మొదలు. అందుకే నోటీసు లేకపోయినా సీనియర్ కెప్టెన్ కదలడు. ఉండటం లాభమైతే కట్టెయ్యాల్సిన పని లేదు.

క్రూ డెస్క్:
పెద్దాయన చెప్పింది కాదనలేను. రోస్టర్ వేసేటప్పుడు నాకు కావాల్సింది లెక్క తెలియడం. ఎవరు ఎప్పుడు పోతారో ఆర్నెల్ల ముందు తెలిస్తే సర్దుకోగలను. షరతులు మారిన కంపెనీలో ఆర్నెల్లు పెట్టండి, నేను మీ వైపు. మూడంటే లేదు.

కాళహస్తి కెప్టెన్:
ఆర్నెల్లకు ఒక షరతు మీద వస్తా. ఆ ఆర్నెల్లూ పాత జీతం, పాత గంటల గ్యారంటీ కొనసాగాలి. మార్చింది వాళ్ళు, వేచి ఉండే ఖర్చు కూడా వాళ్ళే భరించాలి.

తోట నాన్నగారూ, మీ భయం నిజమే. కానీ మా ఏడాది నోటీసు వల్ల మీవాడికి సీటు వచ్చిందా? ఎనిమిదేళ్ళుగా ఉంది కదా ఆ నిబంధన. కొత్తవాళ్ళను తీసుకుని నేర్పించేలా చేయాలంటే ఎన్ని విమానాలకు ఎందరు ఫస్ట్ ఆఫీసర్లు ట్రైనింగులో ఉన్నారో చూపిస్తేనే కొత్త షెడ్యూల్‌కు అనుమతివ్వాలి. 2025 డిసెంబరులో సర్వీసులు పదిశాతం తగ్గించమని ఇండిగోను ప్రభుత్వమే ఆదేశించింది. రద్దయ్యాక చేసిన ఆ పని షెడ్యూల్ ఆమోదించే రోజే చేయొచ్చు.

మీవాడిని ఏటీఆర్ వైపు కూడా చూడమనండి. ట్రూజెట్ 2015లో హైదరాబాద్-తిరుపతి సర్వీసు నడిపింది ఏటీఆర్ మీదే. 2022లో ఆ కంపెనీ ఆగిపోయింది గానీ చిన్న ఊళ్ళకు ఆ విమానం అవసరం అలాగే ఉంది.

మామిడితోట నాన్న:
షెడ్యూల్‌కూ ట్రైనింగుకూ ముడిపెట్టాలన్న మాట బాగుంది, దానికి నా మద్దతు. నోటీసు సంగతి మాత్రం ఇంకా ఆలోచిస్తా. ఏటీఆర్ టైప్ రేటింగ్ సొంత డబ్బుతో చేయించాలా, ఉద్యోగం వచ్చాక కంపెనీ చేయించేదాకా ఆగాలా? బ్యాంకువాళ్ళు వచ్చే నెల్లోపు చెప్పమంటున్నారు.

పాత హ్యాంగర్:
ఉద్యోగం ఇస్తామని రాతపూర్వకంగా కాగితం చేతికొచ్చేదాకా రూపాయి కట్టొద్దు.