హాస్టల్లో నలోక్సోన్ పెట్టాలా వద్దా: గుణుపురం మీటింగులో తేలని మాట

వంశధార గట్టు:
మొన్న ఆదివారం గుణుపురంలో మా అబ్బాయి చదివే కాలేజీవాళ్లు తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. ఓ లెక్చరరు లేచి రెండు మాటలన్నారు. ఒకటి, హాస్టల్లో నలోక్సోన్ ఉంచుదాం అని. హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే దాన్ని విరిచే మందు అది. రెండోది, పక్కవాడు పడిపోయాడని చెప్పిన కుర్రాడి మీద గానీ, పడిపోయినవాడి మీద గానీ కాలేజీ చర్య తీసుకోకూడదని. అంతే, హాలు రెండు ముక్కలైంది. నాకైతే రెండో మాటే ముఖ్యమనిపిస్తోంది. మీరేమంటారు?

కోరాపుట్ మాస్టారు:
నేను ఒప్పుకోను బాబూ. మన కొండల్లో బెడద గంజాయిది. దానికి ఆ మందు పనిచెయ్యదు. అమెరికావాళ్ల గొడవ తెచ్చి మన నెత్తిన పెట్టుకోవడం దేనికి? విరుగుడు ఉందిలే అని పిల్లలకు మనమే ధైర్యం చెప్పినట్టవుతుంది. పైగా చర్య కూడా ఉండదట! ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, భయం లేని హాస్టల్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మెడికల్ షాపు మావ:
గంజాయికి పనిచెయ్యదన్నది నిజమే మాస్టారూ. కానీ నా కౌంటర్ దగ్గరికొచ్చే కుర్రాళ్లు అడిగేవి కోడీన్ దగ్గు సిరప్పు, ట్రమడాల్ స్ట్రిప్పు. 2018లో ట్రమడాల్‌ని ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల మీద ఉన్న కేంద్ర చట్టం, కిందికి తెచ్చారు. మాకు లెక్కలు రాసే పని పెరిగింది గానీ అడిగేవాళ్లు తగ్గలేదు. తాతగారి మోకాళ్ల నొప్పుల చీటీ తేదీ దిద్ది తెస్తారు! 2019లో ఎయిమ్స్ సర్వే ఒకటి వచ్చింది. అందులో నల్లమందు జాతి మత్తు వాడేవాళ్లు నూటికి ఇద్దరని తేలింది. మందుల షాపు సరుకు వాడేవాళ్లే దాదాపు నూటికి ఒకరు. ఇది అమెరికా గొడవ కాదండీ.

రాయగడ సిస్టరు:
క్యాజువాల్టీలో చేసినదాన్ని కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను. ఈ మత్తు మనిషిని చంపేది ఊపిరి మందగించేలా చేసి. దాని మీద సారా గానీ ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు గానీ పడితే మరీ ప్రమాదం. గురక పెడుతున్నాడు, పడుకోనివ్వండి అంటారు చూడండి, ఆ గురకే ఒక్కోసారి ఆఖరి గురక. కంటిపాప సూదిమొనంత అవుతుంది, పెదాలు నీలంగా మారతాయి, గిల్లినా లేవడు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, ఆడకపోతే వాడి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి. మజ్జిగ, నిమ్మరసం నోట్లో పొయ్యకండి బాబూ, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నలోక్సోన్ రెండు మూడు నిమిషాల్లో పని మొదలెడుతుంది. అరగంట నుంచి గంటన్నర లోపే దిగిపోతుంది, మత్తు ఇంకా ఒంట్లోనే ఉండొచ్చు. అందుకని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ట్రమడాల్ మత్తును సగమే విరుస్తుంది, పైగా ట్రమడాల్‌కి ఫిట్స్ కూడా వస్తాయి. ఒంట్లో ఆ జాతి మత్తు లేకపోతే నలోక్సోన్ ఇచ్చినా హాని ఉండదు. సెలవులకి ఇంటికెళ్లి మానేసి వచ్చినవాడు పాత మోతాదే వేసుకుంటాడు చూడండి, వాడి మీద కన్నేసి ఉంచాలి. ఒళ్లు ఆ అలవాటు మరిచిపోయి ఉంటుంది.

ఫైనలియర్ తమ్ముడు:
సిస్టర్ అక్కా, మజ్జిగ పోసింది మేమే. రెండేళ్ల కిందట రాత్రి ఒంటిగంటకి రూమ్మేట్ లేవలేదు. ముగ్గురం ఉన్నాం. వార్డెన్‌కి చెబితే టీసీ చేతిలో పెడతారు, ఇంట్లో తెలుస్తుంది. 108కి చేద్దామంటే అడ్రస్ ఒడియాలో సరిగ్గా చెప్పడం ఎవడికీ రాదు. చెంపల మీద కొట్టాం, నీళ్లు చల్లాం. రెండు గంటలు టెన్షన్‌తో వాడి ఛాతీ కేసి చూస్తూ కూర్చున్నాం. వాడు బతికాడంటే అది వాడి అదృష్టం, మా తెలివి కాదు. మాస్టారూ, మీరన్న భయం మాకు ఉంది. వాడు ఆ దగ్గు సిరప్ తాగేటప్పుడు అది అడ్డం రాలేదు, మేం ఫోన్ తీసేటప్పుడు వచ్చింది.

బరంపురం ప్లీడరు:
చట్టం మాట చెబుతాను. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వెళితే వాడుక, కొద్దిపాటి సరుకు కేసుల నుంచి మినహాయింపు వస్తుంది. చికిత్స పూర్తి చెయ్యాలి. కానీ ఫోన్ చేసిన స్నేహితుడి గురించి అందులో మాట లేదు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం 2007లోనే అలాంటివాళ్ల కోసం చట్టం చేసింది. టీసీ ఇవ్వకూడదన్నది మాత్రం కాలేజీ రూలు, దానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

కోరాపుట్ మాస్టారు:
తమ్ముడు రాసింది రెండుసార్లు చదివాను. ఫోన్ చేసినవాడి జోలికి పోవద్దంటే సరే, ఒప్పుకుంటాను. సరుకు తెచ్చి పంచినవాణ్ణి కూడా వదిలేస్తామంటే నా ఓటు లేదు. మందు సంగతి వేరే, అది డాక్టరు చీటీ మీద వచ్చే ఇంజెక్షన్. సూది వార్డెన్ పొడుస్తాడా? రేపు ఏదైనా జరిగితే ఎవరి మెడకి చుట్టుకుంటుంది?

రాయగడ సిస్టరు:
కండకి ఇచ్చే సూదే మాస్టారూ, నేర్పితే వస్తుంది. దగ్గరుండేవాళ్లకి ఈ మందు అందుబాటులో ఉంచి వాడకం నేర్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. మన దగ్గర డాక్టరు రాతపూర్వకంగా ఒప్పుకుని నర్సుని పెట్టాలి. లేదంటే నోటితో ఊదడమైనా నేర్పండి, దానికి చీటీ అక్కర్లేదు.

వంశధార గట్టు:
ఇవన్నీ నిన్న ప్రిన్సిపాల్ గారికి చదివి వినిపించాను. పంచినవాడికి మినహాయింపు లేదన్న షరతుతో రెండో మాట రాసిస్తామన్నారు. నలోక్సోన్ ఉంచే పెట్టె సంగతి డాక్టరుతో మాట్లాడతారట. కాలేజీ నర్సు సాయంత్రం అయిదుకే ఇంటికెళ్లిపోతారు. పెట్టె తాళం రాత్రి ఎవరి దగ్గర ఉండాలని అడిగితే, వార్డెన్ వాచ్‌మన్ వైపు చూశారు, వాచ్‌మన్ నా వైపు చూశాడు.