సమస్య: ‘అందనట్టి ద్రాక్షయె తీపి యనుట నిజము’

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి ఛందస్సు. పైన ఇచ్చిన పాదం చివర వచ్చేలా మిగతా మూడు పాదాలు పూరించాలి. అందని ద్రాక్ష పుల్లన అంటారు కదా, దాన్ని తిరగేసి ఇచ్చాను. ‘ద్రా’ సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న ‘ట్టి’ గురువు (రెండు మాత్రల అక్షరం) కాదా అని అప్పుడే ఇద్దరు అడిగారు. కాదు. తెలుగు మాట పక్కన వేరే పదం, కాబట్టి లఘువే (ఒక మాత్రే).

మొదటి పూరణ:

చంద్రునిం జేర విక్రము సాగి కూలె
నాలుగేండ్లకు వేరొక్క నౌక దిగెను
జేదు మింగిన నోటికే చెప్పఁ దరము
అందనట్టి ద్రాక్షయె తీపి యనుట నిజము

నిర్వాహకుడు: ఎత్తుగడ బాగుంది. కానీ ‘తరము’ తర్వాత ‘అందనట్టి’ విసంధి, అంటే సంధి కలపని దోషం. ఉకారం మీద అచ్చు పడితే సంధి తప్పదు. ‘చెల్లు మాట / యందనట్టి’ అంటే సరిపోతుంది, అర్థం కూడా బిగుస్తుంది. ఇంకొకటి. 2019 సెప్టెంబరు 7న కూలిన చంద్రయాన్-2 ల్యాండరూ విక్రమే, 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 ల్యాండరూ విక్రమే. ‘వేరొక్క’ అనడంతో ఆ పేరులోని రుచి పోయింది.

పూరించినవారు: సవరణ శిరోధార్యం గురువుగారూ. ‘నౌక’ యతి కోసం (పాదం మొదటి ‘నా’తో అక్షరమైత్రి కోసం) వచ్చింది, దాని వెనకే ‘వేరొక్క’ ఎక్కింది.

రెండో పూరణ:

కొండఁ దొలిచెను మాంఝి తాఁ గొట్టి కొట్టి
యిరువదియు రెండు వర్షము లెండ కోర్చి
దారి యిచ్చిన యా రాయి తానె సాక్షి
యందనట్టి ద్రాక్షయె తీపి యనుట నిజము

నిర్వాహకుడు: ‘గొట్టి కొట్టి’లో సుత్తి దెబ్బ వినిపిస్తోందమ్మా! గయ దగ్గర గెహ్లౌర్ కొండను దారి కోసం తొలిచిన దశరథ్ మాంఝి, 1960 నుంచి 1982 దాకా ఒక్కడే. దోషాలేమీ లేవు.

ఒక సభ్యుడు: నాదొక పేచీ. చంద్రుడు అందాడు, కొండలో దారి పడింది. అందిన ద్రాక్ష తీపి అంటే ఇక సమస్యేముంది? అందకుండానే తియ్యబడాలి. ఇదిగో నాది:

పసిఁడికై మూత్రమును గాచె బ్రాండు నాఁడు
పసిఁడి రాలేదు పాత్రలో భాస్వరమ్ము
వెలిగెఁ జీఁకటిఁ జీల్చుచు వింతగాదె
యందనట్టి ద్రాక్షయె తీపి యనుట నిజము

(హాంబర్గ్‌లో 1669 నాటి మాట. పరుసవేది కోసం వెతుకుతూ హెన్నిగ్ బ్రాండ్ పెట్టిన పొయ్యి ఇది. భాస్వరం అంటే ఫాస్ఫరస్.)

నిర్వాహకుడు: ‘వింతగాదె’ పాదం నింపడానికే వచ్చింది, తెలుస్తూనే ఉంది. పద్యంలో ఆ పదార్థం చూసి కాస్త మొహమాటపడ్డాను కూడా. అయినా సమస్యను సమస్యగా పట్టుకున్నది మీరే. బ్రాండుకు బంగారం చివరికీ రాలేదు. ఇంటివాళ్లు ఆ కంపు ఎలా భరించారో, దాని మీద ఎవరైనా ఓ కంద పద్యం రాయండి.