"తప్పించుక తిరుగువాడు": ఆ "క" ఎక్కడిది?

శ్రీధర్ (గ్లాస్గో):
కొన్నాళ్ళుగా సుమతీ శతకంలోని ఒక పద్యపాదం నన్ను వదలడం లేదు. "నొప్పింపక తా నొవ్వక" వరకు గబగబా వచ్చేస్తోంది. ఆ తర్వాత "తప్పించుక తిరుగువాడు" అనాలా, "తప్పించుకు తిరుగువాడు" అనాలా అన్నచోట ఆగిపోతున్నాను. బడిలో ఒకలా అప్పజెప్పేవాళ్ళం, మా అమ్మ ఇంకోలా చదువుతుంది. గణాలు వేసి చూశాను, రెండూ సరిపోతున్నాయి. పెద్దలెవరైనా తేల్చండి.

ఇదెందుకు బుర్రలో తిరుగుతోందంటే, మా ఆఫీసులో ఒకరు సెల్టిక్ వీరాభిమాని, ఇంకొకరు రేంజర్స్ వీరాభిమాని. రెండూ గ్లాస్గో ఫుట్‌బాల్ జట్లే; సెల్టిక్ వైపు ఎక్కువగా ఐరిష్ మూలాలున్న క్యాథలిక్కులు, రేంజర్స్ వైపు ప్రొటెస్టెంట్లు. ఏ విషయంలోనూ పొసగని ఈ ఇద్దరూ ఒక్కదాని మీద మాత్రం ఒకే గొంతుతో మాట్లాడతారు. ఫుట్‌బాల్ మ్యాచుల దగ్గర నొప్పించే పాటలు, నినాదాలు నేరమని స్కాట్లండ్‌లో చేసిన చట్టం అది. 2012 మార్చి 1న అమల్లోకి వచ్చింది, గరిష్ఠ శిక్ష ఐదేళ్ళ జైలు. మతం పేరున, జాతి పేరున ద్వేషం రెచ్చగొట్టడం నేరం అంటే ఇద్దరూ సరే అంటారు. వాళ్ళ కోపమంతా ఆ జాబితా చివరి మాట మీద. ఇంగితమున్న మనిషి నొచ్చుకునే అవకాశమున్న ప్రవర్తన ఏదైనా సరే, దానివల్ల గొడవ రేగే అవకాశం ఉంటే నేరమే అంది చట్టం. ఆ వాక్యం చదివినప్పటి నుంచీ ఈ పద్యం పట్టుకుంది.

మూర్తి:
"తప్పించుక" సరైన పాఠం. "కొని" కుదించుకుపోయి "క" అయింది, ఇందులో చర్చకేముంది? "కు" ఈ మధ్య మన నోళ్ళలో పుట్టిన రూపం. ఇక ఛందస్సు సంగతి: నాలుగో పాదంలో రెండో గణం "చుకతిరు" అన్నా "చుకుతిరు" అన్నా నాలుగు లఘువులే కదా, అక్కడ తేలదు. తేలేది రెండో పాదంలో. కొందరు "పరుల మనముల్" అంటుంటారు, అది తప్పు. "అప్పటికి"లో అకారానికి "అన్యుల"లో అకారంతో యతి. "పరుల" అంటే యతీ పోయె, గణమూ పోయె.

కవిత (వరంగల్):
సార్, "క" కోసం తాళపత్రాలు వెతకనక్కర్లేదు. మా దగ్గర పొద్దున లేస్తే "తీసుక రా", "పట్టుక పో" అనే అంటం. బడిలో ఈ పద్యం చెప్పినప్పుడు మాకెవరూ అర్థం విప్పాల్సిన పని పడలేదు.

సుధాకర్:
అందరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. నొప్పింపక, నొవ్వక: రెండూ వ్యతిరేకార్థాలే. వాటి వెంటనే వచ్చే "తప్పించుక" ఒక్కటే ఎందుకు "తప్పించుకుని" అవుతుంది? మూడు "క"లూ ఒకే జాతివి అయివుండాలి. నా అనుమానం, అది "తప్పించక తిరుగువాడు". ఎదుటివాణ్ణి దారి తప్పించకుండా మసలేవాడు ధన్యుడు. అప్పుడు పద్యం నిలబడుతుంది. లేకపోతే ఒక నీతి శతకకారుడు పిల్లలకి "తప్పించుకు తిరగండ్రా" అని చెప్పినట్టవుతుంది. అది నీతా?

పద్మజ:
సుధాకర్ గారూ, మీకు జవాబు పద్యంలోనే ఉంది. "నొప్పించు"కి ఈ కవి వాడిన వ్యతిరేక రూపం "నొప్పింపక". "నొప్పించక" అనలేదు. అదే కలంతో "తప్పించు"కి వ్యతిరేకం రాయాల్సి వస్తే "తప్పింపక" అని రాస్తాడు. కాబట్టి "తప్పించక" కుదరదు.

సుధాకర్:
మంచి మాట అన్నారు. అయితే అసలు పాఠం "తప్పింపక తిరుగువాడు" ఎందుకు కాకూడదు? తప్పిం, పకతిరు. గణం సరిపోయింది, ప్రాస సరిపోయింది. ఎవరో లేఖకుడు అలవాటైన మాట కదా అని "తప్పించుక" చేసి ఉంటాడు.

మూర్తి:
మీరు చెప్పే లేఖకుడు ఒక్కడైతే సరిపోదు, అందరూ కూడబలుక్కుని అదే తప్పు చేయాలి. ఒక్క ప్రతిలో "తప్పింపక" చూపించండి, ఒప్పుకుంటాను.

శ్రీధర్:
"క" సంగతి అలా ఉంచి, "నొవ్వక" ముందు తేల్చుకోవాలేమో అనిపిస్తోంది. "తా నొవ్వక" అంటే తనకు దెబ్బ తగలకుండా అనా, తాను మనసు నొచ్చుకోకుండా అనా? కవి "అన్యుల" పక్కన "మనముల్" వేశాడు, "తా" పక్కన వేయలేదు.

నాకిది పిడివాదంగా అనిపించడం లేదు, ఇక్కడి కోర్టుల్లో జరిగిన వాదన ఇదే. డింగ్వాల్ అని ఉత్తరాన చిన్న ఊరు, రాస్ కౌంటీ జట్టుది. అక్కడ మ్యాచ్‌కి వచ్చిన ఒక సెల్టిక్ అభిమాని ఐరిష్ రిపబ్లికన్ పాటలు, అంటే బ్రిటిష్ పాలన పోయి ఐర్లండ్ అంతా ఒకటి కావాలనేవాళ్ళ పాటలు, పాడాడని కేసు. ఎదుటి జట్టువాళ్ళకి అవి వినిపించాయన్న రుజువు లేదు, ఎవరూ రెచ్చిపోలేదు, కింది కోర్టు వదిలేసింది. 2013లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తప్పుబట్టింది. ఎందుకంటే చట్టంలోనే ఉండేది: రెచ్చిపోయేవాళ్ళు అక్కడ లేకపోయినా, ఉండాల్సినంతమంది లేకపోయినా, పోలీసు బందోబస్తు వల్ల గొడవ ఆగినా, గొడవ జరిగే అవకాశం ఉన్నట్టే లెక్క. అంటే నొచ్చుకున్న "అన్యుడు" కళ్ళెదుట ఉండక్కర్లేదు. అభిమానుల మంట అంతా ఇక్కడే. ఎవరు నొచ్చుకున్నారో చూపించకుండా నన్ను బోనెక్కిస్తారా అని.

కవిత:
మరి ఆ ఇంగితమున్న మనిషి ఎవరు? ఆయన ఏ టీముకి సపోర్ట్ చేస్తాడు?

శ్రీధర్:
అదే కదక్కా పాయింట్. గ్లాస్గోలో ఒకే పాట ఒకరికి చరిత్ర, పక్కవాడికి బెదిరింపు. 1981లో జైల్లో నిరాహార దీక్ష చేసి చనిపోయిన పదిమంది ఐరిష్ ఖైదీల మీద ఒక పాట ఉంది. సెల్టిక్ వాళ్ళు అది రాజకీయమే, మతం కాదు అంటారు. అవతలివాళ్ళకి ఆ పదిమంది తీవ్రవాదులు. రేంజర్స్ వైపు చూస్తే వాళ్ళ పాత పాటలో "ఫీనియన్" రక్తంలో మోకాళ్ళదాకా నిలబడ్డాం అని ఉంటుంది. ఫీనియన్ అంటే 19వ శతాబ్దపు ఐరిష్ విప్లవకారుడే, క్యాథలిక్ కాదు అని కొందరు వాదిస్తారు. తరతరాలుగా ఆ మాటను తిట్టుగా పడ్డ క్యాథలిక్కులు ఒప్పుకోరు. ఆ పాట మీద యూరప్ ఫుట్‌బాల్ సంఘం 2006లోనే రేంజర్స్‌కి జరిమానా వేసింది.

2011లో బిల్లు చర్చలో ఉన్నప్పుడు మంత్రిగారు కమిటీ ముందు ఇంకో మాటన్నారు. సందర్భాన్ని బట్టి శిలువ గుర్తు వేసుకోవడం, బ్రిటిష్ జాతీయగీతం పాడటం కూడా నేరం కావచ్చని. ఒక్క దెబ్బతో రెండు వైపులవాళ్ళకీ చుర్రుమంది.

మూర్తి:
"సందర్భాన్ని బట్టి" అన్నారు చూశారా, మొదటి పాదం అదే: "ఎప్పటి కెయ్యది ప్రస్తుతము". ఈ "ప్రస్తుతము" నేటి "ఇప్పుడు" కాదు, సందర్భానికి తగినది అని. పద్యం బరువంతా ఆ మాట మీదే ఉంది. మీరంతా నాలుగో పాదం పట్టుకుని వేలాడుతున్నారు.

శ్రీధర్:
మూర్తి గారూ, నమస్కారం. చట్టంలో "ప్రస్తుతము" ఎలా కొలిచారో వినండి. స్టేడియంలో, మ్యాచ్‌కి వచ్చేపోయే దారిలో, మ్యాచ్‌ని టీవీలో చూపిస్తున్న పబ్బులో పాడితే చట్టం పరిధిలోకి వచ్చేది. సొంత ఇంట్లో టీవీ ముందు అదే పాట అదే గొంతుతో పాడితే వచ్చేది కాదు. రగ్బీ మ్యాచ్‌లో పాడినా ఈ చట్టం వర్తించేది కాదు. "మేం ఫుట్‌బాల్ చూసే మామూలు జనం కాబట్టేనా?" అని మా సెల్టిక్ మిత్రుడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. స్టాండ్స్‌లో పాడుతున్నవాళ్ళ మొహాల్ని పోలీసులు వీడియో తీస్తూ నిలబడేవారట. మైదానం వైపు వీపు, జనం వైపు కెమెరా. ఆ చట్టం గురించి ఎప్పుడు మాట్లాడినా ముందు అదే చెప్తాడు.

పద్మజ:
నేను వేరేగా ఆలోచిస్తున్నాను, కోపం తెచ్చుకోకండి. ఐరిష్ కరువు మీద కట్టిన పాట గురించి కూడా చెప్పాలి కదా. 1840లలో ఆకలికి తట్టుకోలేక గ్లాస్గో చేరినవాళ్ళ మనవలు, మునిమనవల మొహాన "కరువు అయిపోయింది, ఇంటికి పోరేం" అని రేంజర్స్ అభిమానులు వేలమంది పాడటం. సెల్టిక్ క్లబ్బు పుట్టిందే 1887లో, ఆ పేదల పిల్లలకి తిండి పెట్టడానికి ఒక క్యాథలిక్ సన్యాసి మొదలుపెట్టగా. విదేశాల్లో ఉంటున్న మనవాళ్ళకి "మీ దేశానికి పో" అన్నమాట ఎలా గుచ్చుకుంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ "తా నొవ్వక" అని బాధితుడికి నీతి చెప్పడం నాకు నచ్చదు. ముందు "నొప్పింపక" అన్నాడు కవి. ఆ వరస మార్చకండి.

శ్రీధర్:
వరస గురించి మీరన్నది నాకూ బలంగా తగిలింది, పద్మజ గారూ. ఆ పాట జాతి విద్వేషమేనని 2009లోనే ఇక్కడి హైకోర్టు తేల్చింది. 2008లో కిల్మార్నాక్‌లో పాడిన ఒక రేంజర్స్ అభిమాని మీద శిక్షను నిలబెట్టింది. కానీ అది శాంతిభంగం నేరం కింద. అప్పటికి ఈ కొత్త చట్టం లేదు. ఉన్న చట్టంతోనే పని అయినప్పుడు ఇంకోటి దేనికి అని అభిమానులు అడిగేది అందుకే.

కోర్టుల్లోనూ అందరికీ నచ్చలేదు. 2013లో డండీలో ఒక షెరిఫ్, అంటే ఇక్కడ కింది కోర్టు జడ్జి, ఈ చట్టాన్ని గురించి "మిన్స్" అన్న మాట తోస్తోందన్నాడు. మిన్స్ అంటే కీమా. స్కాట్లండ్‌లో చెత్తసరుకుని అలా అంటారు. చివరికి 2018 మార్చిలో రద్దు బిల్లు 62–60 ఓట్లతో గట్టెక్కింది, ఏప్రిల్‌లో చట్టం పోయింది.

కవిత:
ఆ షెరిఫ్ మాట చట్టం కిందికి రాలేదా? నొప్పించినట్టే కదా.

రహీం (మాచర్ల):
ఇంతసేపూ చదువుతున్నాను. నొప్పించే పాటల గురించి మాట్లాడుతూ శ్రీనాథుణ్ణి ఎవరూ తలవకపోవడం నాకు దిగులుగా ఉంది. మా సీమని ఆయన తిట్టినట్టు ఎవరూ తిట్టలేదు.

చిన్న చిన్న రాళ్ళు చిల్లర దేవుళ్ళు
నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు
సజ్జ జొన్న కూళ్ళు సర్పంబులును తేళ్ళు
పల్లెనాటి సీమ పల్లెటూళ్ళు

మా తాత ఈ పద్యం పెళ్ళి పందిట్లో నిలబడి చదివేవాడు, గొంతెత్తి, గర్వంగా. నాగులేరు మాది, నాపరాయి మాది, ఇందులో అబద్ధం ఏముంది అనేవాడు. తిట్టుని మనం ఎత్తుకుని పాడుకుంటే అది తిట్టుగా మిగలదు. "తా నొవ్వక" అంటే నాకు తెలిసిన అర్థం అదే.

పద్మజ:
రహీం గారూ, పద్యం గుండెకి హత్తుకుంది. కానీ శ్రీనాథుడు ఒక్కడు, ఊరి మీదుగా పోతూ ఒక చాటువు చెప్పి వెళ్ళాడు. యాభైవేలమంది ఒక్క గొంతుతో వారం వారం మీ ఇంటిముందు అదే చదివితే మీ తాతగారు అలాగే నిలబడేవారా?

రహీం:
నిలబడేవాడనే నా నమ్మకం. ఎదురు పద్యం కూడా చెప్పేవాడు. మీ ప్రశ్న మాత్రం న్యాయమైనది. తాత గట్టివాడని ఊరంతా గట్టిగా ఉండాలని రూల్ లేదు.

సుధాకర్:
చాటువులు ఎవరివో రూఢి చేయడం కష్టం. అది శ్రీనాథుడిదేనని ఖాయంగా చెప్పలేం. నా "తప్పింపక"కి ప్రతి అడిగినవాళ్ళు దీనికి ఎందుకు అడగరు?

మూర్తి:
అడుగుతాను. అంతకన్నా ముందు నాలుగో పాదం. మా గురువుగారు "పల్లనాటి సీమ" అని చెప్పేవారు. "పలనాటి" అంటే ఆటవెలదిలో సూర్యగణం పడదు కాబట్టి "పల్లనాటి" చేసుకున్నాడు కవి. "పల్లె" అంటే "పల్లెటూళ్ళు"లోని పల్లెతో పునరుక్తి.

రహీం:
సార్, పునరుక్తి కాదు, దెబ్బ అక్కడే ఉంది. సీమ మొత్తం పల్లే, అందులో మళ్ళీ పల్లెటూళ్ళట. మా వైపు ఎవర్నడిగినా "పల్లెనాటి" అనే అంటారు.

మూర్తి:
మీ వైపు అనేది పాఠనిర్ణయం కాదు, రహీం.

కవిత:
తిట్టు పడ్డోళ్ళకి తెల్వదా సార్, ఏమని తిట్టిండో?