మెటాలికా, మెగాడెత్: సంగీతపరంగా అసలు తేడా ఎక్కడుంది?

ప్రశ్న:
1983లో అమెరికన్ హెవీ మెటల్ బృందం మెటాలికా నుంచి తొలగించబడిన గిటారిస్టు డేవ్ మస్టేన్, అదే ఏడాది లాస్ ఏంజెలస్‌లో మెగాడెత్‌ను ప్రారంభించారు. ఈ రెండు బృందాల గురించి ఎప్పుడు చర్చ వచ్చినా అమ్మకాల లెక్కలే వినిపిస్తాయి. గిటారు తెలిసినవారు సంగీతంలోని తేడాను వివరించగలరా?

జవాబు 1:
ఒకే మూలం నుంచి పుట్టిన రెండు పాటలను వెంటవెంటనే వినండి. మస్టేన్ కట్టిన బాణీకి మెటాలికా వేగం తగ్గించి, మధ్యలో నెమ్మదైన భాగాన్ని చేర్చి, ‘ది ఫోర్ హార్స్‌మెన్’ పేరుతో ఏడు నిమిషాలు దాటిన పాటగా మలిచింది. దాన్నే మస్టేన్ 1985లో ‘మెకానిక్స్’గా, ఊపిరి సలపనివ్వని వేగంతో, నాలుగున్నర నిమిషాల లోపే ముగించారు. ఒకరిది నిర్మాణం, మరొకరిది ఉద్ధృతి.

జవాబు 2:
కుడిచేతిని కూడా గమనించాలండి. మెటాలికా పాట ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’లో గాయకుడు, గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ తీగలను అంత వేగంలోనూ దాదాపు కిందికే మీటుతారు కాబట్టి ప్రతి దెబ్బా సమాన బరువుతో పడుతుంది. మెగాడెత్ బలం సోలోలలో (ఒక్క గిటారే ముందుకొచ్చి వినిపించే భాగాల్లో) ఉంది: 1990 నాటి ‘హ్యాంగర్ 18’ రెండో సగంలో మస్టేన్, బృందంలోని మరో గిటారిస్టు మార్టీ ఫ్రీడ్‌మన్ ఒకరి తర్వాత ఒకరు వాయించే తీరుకు సాటి మెటాలికాలో నాకు కనిపించలేదు.

జవాబు 3:
సోలోల విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే గాత్రంలో హెట్‌ఫీల్డ్‌దే పైచేయి. 1991 ఆల్బమ్‌లో పాటలను సరళం చేసినప్పుడు మెటాలికాను నిలబెట్టింది ఆ గొంతే.