హత్యలు, కేసులు కాకుండా మంచి డాక్యుమెంటరీలు ఏమున్నాయి?

గాలివాటం:

అందరికీ నమస్కారం. స్ట్రీమింగ్‌లో డాక్యుమెంటరీ అని వెతికితే వచ్చేవన్నీ హత్య కేసులే. ఎవరో కనిపించకుండా పోతారు, రిటైరైన పోలీసు ఒకాయన కుర్చీలో కూర్చుని మాట్లాడతాడు, మధ్యమధ్యలో డ్రోన్‌తో తీసిన అడవి, గంటలో అయిపోయేదాన్ని ఆరు ఎపిసోడ్లు సాగదీస్తారు. కొన్నాళ్లు నేనూ వరసపెట్టి చూశాను గానీ ఇప్పుడు రాత్రిపూట అవి చూసి పడుకుంటే మనసు బాగుండటం లేదు. చనిపోయిన మనిషి ఫొటో మాటిమాటికీ వేస్తుంటే వాళ్లింట్లో వాళ్లు ఇది ఎలా భరిస్తున్నారో అనిపిస్తోంది.

నాకు కావాల్సింది సిరీస్ కాదు, రెండు గంటల్లోపు అయిపోయే సినిమా. నాన్నగారితో కలిసి చూస్తాను. ఆయన ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు, యంత్రాలన్నా, చేతులతో పనిచేసే మనుషులన్నా, అడవులన్నా ఇష్టం. సబ్‌టైటిల్స్ చదువుతారు గానీ అవి గబగబా మారిపోతే విసుగొచ్చి లేచిపోతారు. "తప్పక చూడాల్సిన యాభై" లాంటి జాబితాలు చాలా చూశాను, ఒక్కరూ ఎందుకు చూడాలో చెప్పరు. మీరు ఒక్క పేరు చెప్పినా చాలు, అందులో మిమ్మల్ని పట్టుకున్నది ఏమిటో మాత్రం రాయండి.

పాత రీలు:

మీరు చెప్పిన దాన్నిబట్టి ముందు 'హనీల్యాండ్' (2019) చూడండి. ఉత్తర మాసిడోనియాలో కొండల మధ్య కరెంటు కూడా లేని ఊళ్లో హతిద్జే అనే ఆవిడ, మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ తేనె అమ్ముకుని బతుకుతుంది. తేనె తీసిన ప్రతిసారీ సగం తనకి, సగం తేనెటీగలకి. ఆ మాట వాటికే చెబుతూ తీస్తుంది. ఇంతలో పక్కనే ఇంకో కుటుంబం వచ్చి దిగుతుంది, ఏడుగురు పిల్లలు, బోలెడు ఆవులు. ఆ ఇంటాయనకీ తేనె మీద ఆశ పుడుతుంది, ఈవిడే దగ్గరుండి నేర్పిస్తుంది. కొనేవాడు ఇంకా కావాలి, ఇంకా కావాలి అని వెంటపడేసరికి అతను ఆ సగం సంగతి పక్కనపెట్టి మొత్తం తీసేస్తాడు. తిండి లేని అతని ఈగలు వచ్చి ఈవిడ ఈగల మీద పడతాయి. ఇక్కడ చెడ్డవాడంటూ ఎవరూ లేరు, అతనికీ ఏడు కడుపులు నింపాలి, అందుకే ఎక్కువ బాధేస్తుంది.

దీన్ని మూడేళ్లపాటు తీశారు, 400 గంటలకు పైగా ఫుటేజీ వచ్చింది. ఆవిడ మాట్లాడే టర్కిష్ యాస దర్శకులిద్దరికీ రాదు, అందుకని ముందు మాటలు పట్టించుకోకుండా బొమ్మను చూసుకుంటూ ఎడిటింగ్ మొదలుపెట్టారు. దానివల్ల మీకో లాభం ఉంది, సబ్‌టైటిల్ ఒకటి రెండు దాటిపోయినా కథ ఎక్కడా తెగదు. నాన్నగారికి ఇబ్బంది ఉండదు.

నేను ఎంచుకునేటప్పుడు చూసేది ఒకటే. జరుగుతున్నప్పుడు కెమెరా అక్కడ ఉందా, లేక అంతా అయిపోయాక మనుషుల్ని కూర్చోబెట్టి చెప్పించారా? మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. క్రైమ్ సిరీస్‌లు దాదాపు అన్నీ రెండో రకం, అందుకే ఎన్ని చూసినా ఒకేలా ఉంటాయి.

తెల్లకాగితం:

పాత రీలు గారు చెప్పిన మొదటి రకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'ఫ్రీ సోలో' (2018). అలెక్స్ హానోల్డ్ అనే ఆయన ఎల్ కాపిటన్ అనే దాదాపు 900 మీటర్ల రాతిగోడని తాడు లేకుండా ఎక్కుతాడు. 2017 జూన్ 3న ఎక్కాడు, 3 గంటల 56 నిమిషాలు పట్టింది. బతికే ఉన్నాడని తెలిసే చూస్తాం, అయినా చేతులకి చెమటలు పడతాయి. నన్ను పట్టుకున్నది మాత్రం ఎక్కేవాడు కాదు, తీసేవాళ్లు. కెమెరా పట్టుకున్న వాళ్లంతా అతని స్నేహితులే, వాళ్లూ పర్వతారోహకులే. మనం అక్కడ ఉండటం వల్ల వాడి దృష్టి మరలి జారితే ఎలా అన్న బెంగ వాళ్లని సినిమా పొడుగునా వదలదు. అన్నిటికంటే కష్టమైన చోట మనిషి ఎదురుగా ఉండకూడదని దూరం నుంచి నడిపే కెమెరాలు బిగించారు. కింద ఉన్న కెమెరామన్ ఒకాయన చూడలేక ముఖం పక్కకి తిప్పేసుకుంటాడు, ఆ షాట్ చూడండి. అంతకుముందు ఏడాది అలెక్స్ ఒకసారి మొదలుపెట్టి, మనసు ఒప్పక మధ్యలోనే ఆపేస్తాడు. ఆ ఆపేయడాన్ని కూడా దాచకుండా చూపించడం నాకు చాలా నచ్చింది.

అయితే ఆ నియమం మాత్రం నేను ఒప్పుకోను. అదే దర్శకులు తీసిన 'ది రెస్క్యూ' (2021) ఉంది. 2018లో థాయిలాండ్‌లో 12 మంది పిల్లలు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ గుహలో నీళ్లొచ్చి ఇరుక్కుపోయారు కదా, దాని మీద. జరిగినప్పుడు ఈ దర్శకులు అక్కడ లేనే లేరు. తర్వాత థాయ్ నేవీ దగ్గరున్న ఫుటేజీ సంపాదించారు, నీళ్ల అడుగున జరిగినవాటిని మాత్రం ఆ డైవర్ల చేతే ట్యాంకులో మళ్లీ చేయించి తీశారు. మీ లెక్కన ఇది రెండో రకం. అయినా నేను కదలకుండా చూశాను. ఎందుకంటే జూన్ 23న లోపలికి వెళ్లిన పిల్లలు జులై 2న దొరికారని అందరికీ తెలుసు, అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుందని అందరికీ తెలియదు. మెలకువగా ఉన్న పిల్లవాడు నీళ్లలో భయపడి కొట్టుకుంటే వాడూ పోతాడు, తీసుకొచ్చేవాడూ పోతాడు. అందుకని మత్తు ఇచ్చి, చేతులు కట్టి, ఒక సామానులా మోసుకురావాలని నిర్ణయించారు. రిచర్డ్ హారిస్ అనే ఆస్ట్రేలియా మత్తు డాక్టరు మొదట ఇది జరిగే పని కాదన్నారు. దారి మధ్యలో మత్తు దిగిపోతే మళ్లీ ఇంజెక్షన్ ఇవ్వాల్సింది డాక్టరు కాదు, గుహల్లో ఈదడం తప్ప వైద్యం తెలియని డైవర్లు. ఆ భాగం చూసేటప్పుడు ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. పిల్లలందరూ క్షేమంగా బయటికొచ్చారు గానీ, సమన్ కునన్ అనే మాజీ నేవీ డైవర్ ఆ పనిలోనే ప్రాణం పోగొట్టుకున్నారు. సినిమా ఆయన్ని మరిచిపోలేదు.

కాబట్టి నా మాట ఏమిటంటే, కుర్చీలో కూర్చుని చెప్పినా తప్పు లేదు, చెప్పేవాడు ఆ పని స్వయంగా చేసినవాడై ఉండాలి. పక్కింటివాడి అభిప్రాయాలు, ఆ కేసుతో సంబంధం లేని నిపుణులు, వాళ్లతోనే విసుగు.

బోల్టు నట్టు:

నాన్నగారు ఫ్యాక్టరీలో పనిచేశారన్నారు కదా, ఇంకేం ఆలోచించకండి, 'అమెరికన్ ఫ్యాక్టరీ' (2019) పెట్టేయండి. నెట్‌ఫ్లిక్స్‌లో ఉంటుంది, ఆస్కార్ కూడా వచ్చింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో జనరల్ మోటార్స్ ప్లాంటు 2008 డిసెంబరులో మూతపడింది. తర్వాత అదే భవనంలో ఫుయావో అనే చైనా కంపెనీ కార్ల అద్దాలు చేసే ఫ్యాక్టరీ పెట్టింది. పాత ప్లాంటు మూసేసిన రోజుల్ని కూడా ఈ దర్శకులే అంతకుముందు ఒక చిన్న సినిమాగా తీశారు, కాబట్టి కార్మికులకి వీళ్లు కొత్తవాళ్లు కాదు. అందుకే అంత దాపరికం లేకుండా మాట్లాడతారు. ఒకావిడ చెబుతుంది, పాత కంపెనీలో గంటకి 29 డాలర్ల పైన వచ్చేది, ఇప్పుడు 12.84 అని. ఏడవదు, కోప్పడదు, మామూలుగా చెబుతుంది.

చైనా నుంచి వచ్చిన పనివాళ్లని కూడా చెడ్డవాళ్లుగా చూపించకపోవడం దీనిలో గొప్పతనం. వాళ్లూ పెళ్లాం పిల్లల్ని వదిలి వచ్చినవాళ్లే. కొలిమి దగ్గర ఇద్దరు, ఒకరి భాష ఒకరికి రాదు, సైగలతో పని నేర్పుకుంటారు. మరోవైపు యాజమాన్యం యూనియన్ రాకుండా చేసే ప్రయత్నాలు, చివరికి ఓటింగు, అన్నీ కెమెరా ముందే జరుగుతాయి. 2017లో జరిగిన ఆ ఓటింగులో యూనియన్ వద్దని 868, కావాలని 444. ఫలితం చెప్పేశానని అనుకోకండి, ఆ అంకె వెనక ఏం జరిగిందన్నదే సినిమా.

'ఇకారస్' (2017) కూడా చూడదగ్గదే. దర్శకుడు సైకిల్ పోటీల్లో డోపింగ్ ఎలా దొరక్కుండా చేస్తారో తన మీదే ప్రయోగం చేద్దామని మొదలుపెడతాడు, అతనికి సలహాలిచ్చే మాస్కో ల్యాబ్ డైరెక్టరే రష్యా ప్రభుత్వం నడిపిన డోపింగ్ మొత్తాన్ని బయటపెట్టేస్తాడు. సోచి ఒలింపిక్స్‌లో గోడకి చిన్న కన్నం పెట్టి రాత్రిపూట శాంపిల్ సీసాలు మార్చారట! కాకపోతే మొదటి అరగంట నెమ్మది, రెండోది, సబ్‌టైటిల్స్ ఎక్కువ. నాన్నగారితో కాకుండా మీరొక్కరే చూస్తే మంచిది.

నీలిరంగు:

ఎవరూ 'మై ఆక్టోపస్ టీచర్' (2020) ఊసెత్తలేదే? దక్షిణాఫ్రికా తీరంలో చల్లటి నీళ్లలో, ఆక్సిజన్ సిలిండరు లేకుండా, క్రెయిగ్ ఫాస్టర్ రోజూ మునిగి ఒకే ఆక్టోపస్‌ని దాదాపు ఏడాది చూస్తాడు. సొరచేప దాని చెయ్యి ఒకటి కొరికేస్తుంది, కొన్నాళ్లకి ఆ తెగిన చోటే బుల్లి చెయ్యి మొలుస్తుంది. ఇంకోసారి సొరచేప వెంటపడితే గవ్వలూ రాళ్లూ ఒంటికి అతికించుకుని బంతిలా అయిపోయి, సందు దొరకగానే దాని వీపు మీదకే ఎక్కి కూర్చుంటుంది. కొరకలేని చోటు అదొక్కటే కదా. అంత తెలివి చూసి నోట మాట రాలేదు.

అది సొరచేప నోట్లో పడినప్పుడు ఆయన ఎందుకు కాపాడలేదని చాలామందికి కోపం. నాకు మాత్రం ఆయన చేసింది సరైనదే అనిపించింది. సొరచేపకీ ఆకలి ఉంటుంది, అడవిలోకి చూడ్డానికి వెళ్లినవాడు తీర్పులు చెప్పకూడదు. ఇంకో మాట, జంతువుల సినిమాల్లో వినిపించే శబ్దాలు చాలావరకు తర్వాత స్టూడియోలో కలిపినవే. అంత దూరం నుంచి లెన్సు బొమ్మని తెస్తుంది గానీ మైకు చప్పుడుని తేలేదు. ఇది తెలిశాక నాకు ఇష్టం తగ్గలేదు, పైగా ఆ పనిచేసేవాళ్ల మీద గౌరవం పెరిగింది.

పాత రీలు:

తెల్లకాగితం గారూ, మీ మాట ఒప్పుకుంటున్నాను, 'ది రెస్క్యూ' నేనూ చూశాను. పని చేసినవాడే చెప్పాలన్నది నా మాటకంటే మంచి కొలత. నీలిరంగు గారితో మాత్రం చిన్న పేచీ ఉంది. ఆక్టోపస్ సినిమాలో ఆ జంతువు కంటే ఆయన మనసు గురించే ఎక్కువ విన్నాం. అది ఏమనుకుంటోందో ఆయనే చెప్పేస్తుంటే నాకు చూసే అవకాశం తగ్గిపోయింది. బొమ్మలు మాత్రం అద్భుతం, అందులో సందేహం లేదు.

గాలివాటం:

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి 'అమెరికన్ ఫ్యాక్టరీ' చూశాం. నాన్నగారు ఒక్కసారి కూడా లేవలేదు. అద్దం పగిలిన ముక్కల్ని చేత్తో ఏరే సీన్లో "గ్లౌజులు సరైనవి ఇవ్వలేదు చూడు" అంటూ ముందుకి వంగారు. చివర్లో యంత్రాలు మనుషుల పని చేసేటప్పుడు చాలాసేపు ఆపి మాట్లాడారు, తాను పనిచేసిన షాపులో కొత్త మెషిన్ వచ్చినప్పుడు ఎవరెవరిని వేరే సెక్షన్‌కి మార్చారో పేర్లతో సహా చెప్పారు. నాకు అవేవీ తెలియవు, ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు అమ్మ కూడా కూర్చుంటానంటోంది. గంటలోపు అయిపోయేది, కాస్త మెత్తగా ఉండేది ఒకటి చెప్పండి. అలాగే యంత్రాల మీద ఇంకొకటి.

బోల్టు నట్టు:

అమ్మగారికి 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' (2022). 40 నిమిషాలే. ముదుమలై అడవిలో బొమ్మన్, బెల్లీ దంపతులు తల్లిని పోగొట్టుకున్న ఏనుగు పిల్ల రఘుని పెంచుతారు, తర్వాత అమ్ము అనే ఇంకో పిల్ల వస్తుంది. తమిళం కాబట్టి సగం మాటలు సబ్‌టైటిల్ లేకుండానే అర్థమవుతాయి. 2023లో ఆస్కార్ వచ్చింది. రఘుని అటవీశాఖ వాళ్లు వేరేవాళ్లకి అప్పగించే చోట కళ్లనీళ్లు తప్పవు, ముందే చెబుతున్నాను.

యంత్రాలంటే 'అపోలో 11' (2019). కామెంటరీ లేదు, ఇప్పటి ఇంటర్వ్యూలు లేవు, మొత్తం 1969లో తీసిన ఫిల్మే, అందులో చాలా భాగం అంతకుముందు ఎవరూ చూడనిది. రాకెట్ లేవడానికి కొద్ది గంటల ముందు హైడ్రోజన్ వాల్వు ఒకటి లీకవుతుంది, కొందరు టెక్నీషియన్లు లాంచ్ టవర్ మీదకి వెళ్లి బోల్టులు బిగిస్తారు. చరిత్ర పుస్తకాల్లో ఎక్కని ఆ మనుషుల్ని చూడటానికే నాన్నగారు కూర్చుంటారు. రేడియో మాటలు మాత్రం గబగబా వస్తాయి, సబ్‌టైటిల్స్ సైజు సెట్టింగ్స్‌లో పెంచుకోండి, అవసరమైతే పాజ్ చేస్తూ చూడండి.

తెల్లకాగితం:

ఒక సంగతి. 'అపోలో 11', 'హనీల్యాండ్' లాంటివి ఒకే సర్వీసులో ఎప్పుడూ ఉండవు, హక్కులు అయిపోగానే తీసేస్తారు, దేశాన్నిబట్టి కూడా మారుతుంటాయి. 'ఫ్రీ సోలో', 'ది రెస్క్యూ' నేషనల్ జియోగ్రాఫిక్‌వి కాబట్టి డిస్నీ సినిమాలు వచ్చే సర్వీసు వైపు వెతకండి. ఆ సర్వీసు సొంతంగా తీయించుకున్నవి అయితే మామూలుగా అంత త్వరగా పోవు. అందుకని ముందు కొనుక్కొచ్చినవి చూసేయండి, సొంతవి చాలావరకు తర్వాతైనా దొరుకుతాయి. నాన్నగారు 'అపోలో' చూశాక ఏమన్నారో ఇక్కడే రాయండి.